యంత్రానికి రాసిన జోలపాట

టీచరుగారు నా పాటలో నేనింకా పాడి వినిపించని ముక్క పాడేశారు.

జనవరి నెల, ఆదివారం పొద్దున. బెంగళూరు మారతహళ్ళిలో మేముండే అపార్ట్‌మెంటు క్లబ్‌హౌసులో ఉగాది నాటకానికి రిహార్సల్ చేస్తున్నాం. నాటకం రాసింది నేనే. పాట రాసిన కాగితం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అది మడతపెట్టి నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. వరస పట్టుకుంటారని మొదటి రెండు పాదాలు పాడాను.

డక్కుటక్కు డోలా, నిదరమ్మ రావే
దారమంటి దారిలో దిగి దిగి రావే

టీచరుగారు కళ్ళు మూసుకుని విన్నారు. నేను ఊపిరి తీసుకునే లోపల ఆవిడే అందుకున్నారు.

చుక్కలన్నీ పోగులై చుట్టుకోని రావే

నేను రాసిన మూడో పాదం అదే. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. వరస కూడా నా మనసులో ఉన్నదే.

ఎవరైనా నా బ్యాగు తెరిచి చూశారేమోనన్న అనుమానం వచ్చింది ముందు. బ్యాగు నా భుజానికే ఉంది. చేత్తో తడిమి చూసుకున్నాను కూడా.

"మీకెట్లా తెలుసు?" అన్నాను.

"ఎట్లా తెలిసేదేముందమ్మా? ఇది మా అత్త పాడతా ఉండె. మా ఇంట్లో బిడ్డలందరికీ ఇదే జోల," అన్నారావిడ నవ్వుతూ.

ఈ టీచరుగారు ఊరి నడిబొడ్డున ఉన్న నగర్తపేటలో పుట్టి పెరిగిన మనిషి. తాతముత్తాతల కాలం నుంచీ అక్కడ పట్టు నేసిన కుటుంబం. ఆవిడ హైస్కూల్లో కన్నడం చెప్పి రిటైరయ్యారు. కూతురు మా అపార్ట్‌మెంటులో ఉంటుంది కాబట్టి వారానికోసారి వస్తారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు చదవడం రాదు. డైలాగులన్నీ కన్నడ అక్షరాల్లో రాసుకున్నారు. గొంతు బాగుంటుందని నేనే పట్టుబట్టి నాటకంలో కంప్యూటరు వేషం ఇచ్చాను. వేషమంటే తెర వెనక కూర్చుని గొంతివ్వడమే.

నాటకం కథ చెప్పాలి, లేకపోతే నాకు అంత దెబ్బ ఎందుకు తగిలిందో అర్థం కాదు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత ఒక పెద్ద ఓడ ఆకాశంలో పోతూ ఉంటుంది. దాన్ని నడిపేది ఒక కంప్యూటరు. మనుషులు ఇంతవరకూ రాసినవీ, పాడినవీ, గీసినవీ అన్నీ దాని కడుపులో ఉంటాయి. ఓడలో పుట్టిన ఒక పసిబిడ్డకు నిద్ర పట్టదు. ఎన్ని పాత జోలలు వినిపించినా ఏడుపు ఆపదు. అప్పుడా యంత్రం ఎవరూ ఎన్నడూ వినని జోల ఒకటి పాడుతుంది, బిడ్డ నిద్రపోతుంది. మరునాడు ఓడలో పంచాయితీ. పాట యంత్రం కట్టిందా, లేక తన గోదాంలోంచి ఏరుకొచ్చిందా? ఓడ పెద్ద ఏరుకొచ్చిందంటాడు. బిడ్డ తల్లి కాదు, కట్టిందే అంటుంది. చివరికి తల్లే గెలుస్తుంది. ఆమెను గెలిపించే మాట పాటలోని నాలుగో పాదంలో ఉంది.

తలుపు తియ్యనులే, కిటికీలోంచి రావే

"భూమ్మీద ఏ ఇంట్లోనైనా తలుపు తియ్యొచ్చు. తలుపు తియ్యకూడని చోటు ఈ ఓడ ఒక్కటే. అందుకని ఈ పాట ఇక్కడే పుట్టింది," అంటుంది తల్లి. ఓడ పెద్ద తల దించుకుంటాడు. తెర.

ఆ మాట రాసిన రోజు నా అంతటిది లేదనుకున్నాను.

ఓడ పెద్ద వేషం మా కింది ఫ్లోరు ఆయనది. విజయవాడ మనిషి, డేటాబేస్ ఇంజినీరు. "నా పాత్రని ఓడించడానికే రాశారండీ. ఒక్క గట్టి డైలాగ్ కూడా లేదు," అని మొదటి రోజు నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. ఆ పొద్దున ముందుగా మాట్లాడింది తల్లి వేషం వేసే అమ్మాయి.

"అక్కా, ఏఐని అడిగారా ఏంటి? అది ఎక్కడో ఎత్తుకొచ్చి ఇచ్చుంటుంది. మొన్న మా ఆఫీసులో కూడా ఇట్లాగే అయింది."

అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి.

"నేనే రాశాను. ఆఫీసు నుంచి వస్తూ క్యాబులో రాశాను. డక్కుటక్కు అనేది ఓడ ఇంజను చప్పుడు. ఆ మాట నేనే పుట్టించాను."

"అది మగ్గం సద్దు కదమ్మా," అన్నారు టీచరుగారు మెల్లగా. "మగ్గం గుంతలో కూర్చోని తొక్కితే అట్లే వస్తాది. చుక్కలు పోగులయ్యేది కూడా అందుకే."

ఓడ వేగంగా పోతుంటే నక్షత్రాలు గీతలుగా సాగి దారాల్లా కనిపిస్తాయని నేను పోగులన్నాను. అలా అనుకునే రాశాను. నోరు తెరిచి ఆ మాట చెప్పబోయి మానుకున్నాను.

"నాలుగో పాదం పాడండి," అన్నాను. గొంతులో కోపం నాకే వినిపించింది.

ఆవిడ పాడారు.

పట్టు సీర కొంగున పండుకోను రావే

"తలుపు, కిటికీ అని ఏమైనా ఉందా?"

"లేదమ్మా. మా పాటలో అట్లాంటిది లేనే లేదు."

మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. ఆ ఒక్క పాదమైనా నాది. నాటకానికి ప్రాణం ఆ పాదమే కదా. మిగతా మూడు ఎక్కడో ఎప్పుడో చెవిన పడి ఉంటాయి, బస్సులోనో రేడియోలోనో. నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ లిఫ్టులో పైకి వస్తుంటే ఆ లెక్క కుదరలేదు. నేను మదనపల్లెలో పెరిగాను. మా ఇంట్లో మగ్గం లేదు. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక కూడా నగర్తపేట ముఖం సరిగ్గా చూడలేదు. అమ్మను రెండు మూడుసార్లు షాపింగుకు ఆ పేటల వైపు రమ్మంటే, "ఆ రద్దీలో నేను నడవలేను," అని తప్పించుకుంది.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. నాన్న పోయినప్పటి నుంచీ అంతే. నేను వెళ్ళేసరికి బాల్కనీలో కింద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూలబడి జరిగిందంతా చెప్పాను. చెప్పడమంటే ఫిర్యాదు చేశాను. నలుగురిలో నా పరువు పోయిందన్నాను. అమ్మ తలెత్తకుండా వింటోంది. ఒలవడం మాత్రం ఆగిపోయింది. ఒక కాయ సగం విప్పి అట్లాగే పట్టుకుని ఉంది.

"ఆ టీచరమ్మ ఎక్కడి మనిషి అంటివి?"

"ఇక్కడే. నగర్తపేట."

అమ్మ ఆ పేరు పెదవుల్లోనే ఒకసారి అనుకుంది.

"అయినా నాలుగో పాదం ఆవిడకు తెలీదులే. అదొక్కటి నాదే," అన్నాను.

"నీదే," అంది అమ్మ. "నీదే అది. నీకప్పుడు మూడేండ్లు."

అమ్మకు మతి తప్పిందేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. అమ్మ ముఖం మాత్రం మామూలుగానే ఉంది. చేతిలోని కాయను చాటలో పెట్టి, కొంగుతో వేళ్ళు తుడుచుకుంది.

"నీకు ఒక తమ్ముడు ఉండినాడు."

నలభై ఏళ్ళు దాటిన మనిషిని. ఒక్కగానొక్క బిడ్డనని ఎన్ని చోట్ల చెప్పి ఉంటానో. స్నేహితులతో, పెళ్ళిచూపుల్లో, ఆస్పత్రుల్లో. బాల్కనీ కింద ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అంటుకోవడం లేదు. ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. అమ్మ చెప్పిన మాట నా దాకా రావడానికి అంతసేపు పట్టింది.

తర్వాత అమ్మ మెల్లగా, ఆగి ఆగి చెప్పింది. నాన్నకు మొదట ఉద్యోగం దొరికింది బెంగళూరులోనే, ఒక చిన్న వర్క్‌షాపులో మెకానిక్‌గా. నగర్తపేట సందుల్లో ఒక వఠారం, ఒకే నడవ చుట్టూ వరసగా గదులు. అందులో ఒక గది మాది. నాకు రెండు నిండాక అక్కడికి పోయారట. తమ్ముడు అక్కడే పుట్టాడు. పుట్టినప్పటి నుంచీ వాడికి ఊపిరి సరిగా ఆడేది కాదు.

"చల్లగాలి తగలకూడదనినాడు డాక్టరు. మన గది తలుపు తీస్తే నేరుగా నడవలో గాలి వచ్చి ఉయ్యాల మీద పడేది. నువ్వు ఊరికే ఉండవు కదా, ఆడుకోను బయటికి ఉరుకుతావు. పొద్దస్తమానం నేను నీ మీద అరిచేదే. తలుపు తియ్యొద్దు, తలుపు తియ్యొద్దు అని. పక్క గదిలో మగ్గమోళ్ళు. ఆయమ్మ నేను వంట చేసుకుంటుంటే వచ్చి ఉయ్యాల ఊపేది. ఆ పాట ఆయమ్మదే. వినీ వినీ నువ్వూ పాడతా ఉంటివి."

"మరి నాలుగో పాదం?"

"ఒక దినం ఆయమ్మ నిదరమ్మ రావే, నిదరమ్మ రావే అని పాడతా ఉంటే నువ్వు అడిగితివి. తలుపేసి ఉంటే నిదరమ్మ ఎట్లొస్తాది అవ్వా అని. ఆయమ్మ పకపకా నవ్వింది. నువ్వు అప్పుడే, ఉన్నపళంగా, కిటికీలోంచి రావే అని పాడితివి. తలుపు తియ్యనులే అని తలకాయ ఆడించి మరీ పాడితివి. ఆ వఠారమంతా పిలిచి నీ చేత పాడించినారు."

అమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"వాడు నీ పాటకే పండుకునేవాడు. ఆయమ్మ పాడితే కాదు, నేను పాడితే కాదు."

వాడు ఎన్నాళ్ళున్నాడని నేను అడగలేదు, అమ్మే చెప్పింది. బోర్లా పడటం నేర్చుకునే వేళకు పోయాడట. ఆ తర్వాత కూడా నేను ఖాళీ ఉయ్యాల పక్కన నిలబడి పాడుతుంటే, అమ్మ ఇంక పాడొద్దంది. ఎందుకని అడిగానట. అమ్మ చెప్పలేదు. నేను మళ్ళీ పాడలేదు. కొన్నాళ్ళకే నాన్న ఉద్యోగం వదిలేసి అందరినీ మదనపల్లెకు తీసుకెళ్ళిపోయాడు.

"నాకు ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పేది? నువ్వు మర్చేపోతివి. ఆ ఊరు మర్చిపోతివి, వాడిని మర్చిపోతివి. మీ నాన్న మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు. ఇంట్లో నేనొక్కదాన్నే తలుచుకుంటా ఉంటి." చాటను పక్కకు జరిపి మళ్ళీ అంది. "ఈ నాటకం మొదలుపెట్టినాక వంటింట్లో నువ్వు ఆ పాట పాడతా ఉంటే నా గుండె ఆగినట్టయింది. నీకు జ్ఞాపకమొచ్చిందని బయపడినా. తర్వాత, జ్ఞాపకం రాలేదు, ఊరికే పాడతా ఉందని తెలిసి ఇంకా బయపడినా."

నేను కూనిరాగం తీసినప్పుడల్లా అమ్మ టీవీ సౌండు పెంచేది. నా నాటకం ఆమెకు నచ్చలేదని లోలోపల నొచ్చుకున్నాను నేను.

ఆ మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను. తమ్ముడి కోసం ఏడుపు రావాలి కదా, రాలేదు. జ్ఞాపకంలో లేని మనిషి కోసం ఎలా ఏడవాలో తెలియలేదు. నా బుర్ర తిరిగి తిరిగి ఆ క్యాబు దగ్గరికే వెళుతోంది. ఆ సాయంత్రం రింగురోడ్డు మీద బండి కదలక నిలిచిపోయింది. ఎడమ పక్క బస్సు, కుడి పక్క బస్సు. కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చుంటే, తలుపు తియ్యనులే, కిటికీలోంచి రావే అన్న మాటలు వరసతో సహా వచ్చాయి. ఫోనులో టైపు చేసి, ఇంటికి వెళ్ళగానే కాగితం మీద కూడా రాసిపెట్టుకున్నాను. అంత సంతోషం. లేనిదాన్ని ఉన్నట్టుగా చేశానన్న సంతోషం. ఆ సంతోషం అబద్ధమని ఇప్పుడెవరైనా అంటే నేను ఒప్పుకోలేను. కానీ ఆ పాదం దాదాపు నలభై ఏళ్ళుగా నాలోనే ఉంది. అన్నీ గుర్తు పెట్టుకుని, ఎక్కడి నుంచి తెస్తోందో తెలియని యంత్రం గురించి నాటకం రాశాను. రాస్తున్నంతసేపూ ఆ యంత్రం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాననే అనుకున్నాను.

భయం కూడా వేసింది. ఇంతకు ముందు రాసిన కథలు తీసి చూడబోయి, నాలుగు పేజీలు తిప్పి మూసేశాను. ప్రతి వాక్యం ఎవరిదో అన్నట్టు కనిపించింది.

మరుసటి వారం కింది ఫ్లోరు ఆయనకు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేనట్టనిపించింది. ఆయన భార్య టీ ఇచ్చింది. అంతా విని, "అయితే నా పాత్రే గెలిచిందన్నమాట," అని మొదలుపెట్టి, నా ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు.

"నా ఉద్యోగం ఇదే కదండీ, దాచిపెట్టింది తీసివ్వడం," అన్నాడు చివరికి. "మా దాంట్లో తీసుకొచ్చింది అనాలంటే ఎక్కడి నుంచో తెలియాలి. అడ్రస్ ఉండాలి. మీకు అడ్రస్ తెలీదు. వెతుకుతున్నానని కూడా తెలీదు. అలాంటప్పుడు తీసుకురావడం అనే మాట వాడొచ్చో లేదో, నాకు నిజంగా తెలీదండీ."

"కట్టడం అనొచ్చా మరి?"

"ఒకసారి కట్టారు కదా, ఉయ్యాల దగ్గర. రెండోసారి దాన్నేమంటారో..." అని ఆగిపోయాడు. గట్టి డైలాగు కావాలని రోజూ గొణిగే మనిషి అలా చేతులెత్తేస్తాడని నేను అనుకోలేదు.

నాటకం మానేద్దామనుకున్నాను. పాట తీసేస్తానని టీచరుగారికి ఫోను చేస్తే ఆవిడ ఒప్పుకోలేదు. "పాట మీద కోపం ఎందుకమ్మా? అది ఏం చేసుండాది?" అన్నారు. అప్పుడావిడకు తమ్ముడి సంగతి తెలియదు. తర్వాతి ఆదివారం నేను రిహార్సల్‌కు బయలుదేరుతుంటే అమ్మ చెప్పులు వేసుకుంది.

"నేనూ వస్తా. ఆ టీచరమ్మను చూడాలి."

ఇద్దరూ ఒక మూల ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని వఠారం గురించి మాట్లాడుకున్నారు. మా పక్క గది మగ్గంవాళ్ళు టీచరుగారి చుట్టాలేమోనని నాకు ఆశగా ఉండింది. కారట. ఆ పాట అక్కడ నేసేవాళ్ళ ఇళ్ళన్నిటిలోనూ ఉండేదట. మేమున్న వఠారం ఇప్పుడు లేదు, దాని స్థానంలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపులొచ్చాయి. పోయి చూద్దామా అంటే అమ్మ అడ్డంగా తల ఊపింది. తమ్ముడి సంగతి విని టీచరుగారు అమ్మ చెయ్యి పట్టుకున్నారు. తర్వాత అమ్మ నాకు వినపడేలా అడిగింది.

"పాటలో చివరికి మీ పాదం పాడండి, తర్వాత మా పాపది పాడండి. రెండూ ఉండనీ."

నాటకం చివర మార్చక తప్పలేదు. భూమ్మీద ఏ ఇంట్లోనైనా తలుపు తియ్యొచ్చన్న మాట అబద్ధమని నాకు తెలిసిపోయింది. తెలిసీ ఎలా ఉంచను? ఓడ పెద్దకు కొత్త డైలాగు రాశాను. "తలుపు తియ్యకూడని ఇళ్ళు భూమ్మీద కూడా ఉండేవి. అలాంటి ఇంటి పాటే ఇది." దానికి తల్లి అడుగుతుంది: "అయితే ఆ ఇంట్లో మొదటిసారి పాడిందెవరు? వాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు?" ఓడ పెద్ద యంత్రాన్ని అడుగుతాడు. యంత్రం తనకు తెలియదంటుంది. నా దగ్గర తీర్పు లేదు కాబట్టి నాటకంలోనూ తీర్పు పెట్టలేదు. కింది ఫ్లోరు ఆయన మాత్రం తనకు గట్టి డైలాగు వచ్చిందని సంబరపడ్డాడు.

ఉగాది రోజు క్లబ్‌హౌసు నిండిపోయింది. అమ్మ రెండో వరసలో కూర్చుంది. తెర వెనక నుంచి టీచరుగారి గొంతు వచ్చింది. పట్టు సీర కొంగున అన్నారు, తర్వాత తలుపు తియ్యనులే అన్నారు. నేను పక్కన నిలబడి అమ్మనే చూస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒళ్ళో ఉన్న చెయ్యి మాత్రం మెల్లగా ముందుకూ వెనక్కూ కదులుతోంది, ఉయ్యాల ఊపుతున్నట్టు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. తర్వాతి సీనుకు లైట్లు మార్చాల్సింది నేనే. మార్చలేకపోయాను. ఓడ పెద్ద చీకట్లోనే వచ్చి డైలాగు చెప్పాడు. జనం అది కావాలనే చేశామనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఒకావిడ వచ్చి పాట చాలా బాగుందనీ, ఎవరు రాశారనీ అడిగింది. నేను టీచరుగారి వైపు చూశాను, ఆవిడ నా వైపు చూశారు. "ఇంటి పాటండీ," అన్నాను.

ఇప్పుడు అమ్మ అప్పుడప్పుడు వాడి గురించి చెబుతోంది. ఏ సందర్భమూ ఉండదు. కూర తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో ఉన్నట్టుండి ఒక మాట అంటుంది. ప్రతిసారీ నేను ఉలిక్కిపడుతూనే ఉన్నాను. మొన్న పొద్దున టిఫిన్ తింటూ, "వాడికి చెవుల మీద నూగు వెంట్రుకలుండేవే, మీ నాన్నకు మాదిరే," అంది. నేను అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెనం మీద దోసె మాడి పొగ వస్తుంటే అమ్మే లేచి వచ్చి స్టవ్ ఆపింది.